వార్షిక నివేదిక 2025–26: పాత డంపు, మన బోర్లు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

వీధి లైట్లు, పార్కు గోడ, వినాయక చవితి ఖర్చులన్నీ కోశాధికారి ఇచ్చే జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. అవి అక్కడ చూసుకోండి. ఈ నివేదికంతా కాలనీ వెనక మూతపడ్డ చెత్త డంపు గురించీ, మన బోరు నీళ్ళ గురించీనే. కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు అడిగింది ఒకటే: "ఈ నీళ్ళు వాడుకోవచ్చా, వద్దా?" నెల రోజుల్లో చెప్పేస్తాం అన్నాం. ఏడాది పట్టింది.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. మొదటి విడత నీళ్ళు కూల్‌డ్రింక్ సీసాల్లో పట్టుకెళ్తే ల్యాబ్ వాళ్ళు తీసుకోలేదు. లోహాల పరీక్షకు పట్టిన నీళ్ళలో కాస్త నైట్రిక్ యాసిడ్ వేయాలి, లేకపోతే లోహం సీసా గోడకు అంటుకుపోయి లెక్క తక్కువ చూపిస్తుంది. బ్యాక్టీరియాకు వేరే సీసా, స్టెరిలైజ్ చేసింది, ఐసు పెట్టెలో పెట్టి తీసుకెళ్ళాలి. మోటారు వేయగానే వచ్చేది పైపులో నిలవున్న నీళ్ళు కాబట్టి పావుగంట వదిలేశాకే పట్టాలి. రెండో విడత ఇవన్నీ పాటించి 11 బోర్ల నీళ్ళు ఇచ్చాం. అందులో ఒకటి డంపుకు ఎగువన, చెత్త వాసన తగలని చోట ఉన్న బోరు. ఆ ఒక్కటీ లేకపోతే మన నీళ్ళు పాడయ్యాయో, ఈ ప్రాంతంలో నీళ్ళే అంతో తేల్చలేం. కొందరు శాంపిల్ ఇవ్వనన్నారు. రిపోర్టు బయటకొస్తే ప్లాటు రేటు పడిపోతుందని వాళ్ళ టెన్షన్. బలవంతం చేయలేదు.

మన కింద ఉన్నది గ్రానైట్. పైన మొరం, దాని కింద రాయి, రాతిలో పగుళ్ళు. చెత్త కుళ్ళి ఊరే నల్లటి నీరు మొరంలో ఇంకి, పగులు ఎటు పోతే అటు పోతుంది. అందుకే డంపు గోడ పక్కన బోరు బాగుండి, రెండు వీధుల అవతల బోరు చెడిపోవచ్చు. మనకు జరిగింది అదే. నీళ్ళు చెరువు వైపు వాలుగా పోతాయని అందరం అనుకున్నాం. సర్వే శాఖలో రిటైరైన మన సభ్యుడొకాయన డంపీ లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణి) తెచ్చి, మిగిలిన మూడు పాత బావుల్లో నీటి మట్టాలు కొలిచారు. మూడు చోట్ల మట్టం తెలిస్తే వాలు ఎటుందో లెక్క కట్టొచ్చు. వాలు నాలుగో వీధి వైపు తేలింది. ఎండాకాలం అందరం మోటార్లు గట్టిగా నడిపినప్పుడు ఆ వాలు కూడా మారుతుంది కాబట్టి ఒక్క రిపోర్టు పట్టుకుని నిశ్చింతగా ఉండకూడదు, భయపడిపోనూ కూడదు.

ఇక ఫలితాలు. తాగునీటికి ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2000 వరకు. నైట్రేట్ 45, దానికి సడలింపు లేదు. సీసం 0.01. సీసం, కాడ్మియం ఏ బోరులోనూ పరిమితి దాటలేదు. నాలుగో వీధి బోర్లు రెండింటిలో క్లోరైడ్, అమ్మోనియా కలిసి పెరిగాయి. ఆ జోడీ కనిపిస్తే డంపు మీదే అనుమానం. నైట్రేట్ మాత్రం డంపుకు దూరంగా, ఒకటో వీధిలోనూ ఎక్కువుంది. ఇది వినడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ, ఒకటో వీధికి ఇంకా డ్రైనేజీ లేదు, సెప్టిక్ ట్యాంకుల నీళ్ళు భూమిలోకే పోతున్నాయి. అన్నీ డంపు మీదకు తోసేయలేం. నీళ్ళు మరిగిస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నాలుగో వీధిలోనూ, ఒకటో వీధిలోనూ పసిపిల్లల డబ్బాపాలలో బోరు నీళ్ళు కలపొద్దు.

మట్టి విషయం. డంపులో బయోమైనింగ్ (పాత చెత్తను తవ్వి, జల్లెడ పట్టి వేరుచేసే పని) జరుగుతున్నప్పుడు జల్లెడ పట్టిన నల్లమట్టిని కొందరు మిద్దెతోటకు తెచ్చుకున్నారు. చూడడానికి ఎరువులాగే ఉంటుంది. బ్యాటరీలు, ట్యూబులైట్లు అన్నీ కలిసి కుళ్ళిన మట్టి అది. లోహాల పరీక్ష చేయించకుండా ఆకుకూరలు వేయకండి. తెచ్చుకున్నవాళ్ళు చెబితే మిగతా మట్టి శాంపిళ్ళతో పాటు పరీక్షకు పంపుతాం.

అర్జీల సంగతి. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాలకు ప్రత్యేక నియమాలు తెచ్చిందని తెలిసి ఉత్సాహంగా బయల్దేరాం. తీరా చదివితే మామూలు మునిసిపల్ చెత్త డంపులు వాటి కిందకు నేరుగా రావు. అప్పుడు మనకు వర్తించింది 2016 ఘనవ్యర్థాల నియమాలు (2026 ఏప్రిల్ నుంచి వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి), పాత చెత్త తొలగింపుపై కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు. కొత్త అర్జీ వాటి ఆధారంగానే రాశాం, మూడుసార్లు ఇచ్చాం, రసీదులు ఆఫీసులో ఉన్నాయి. డంపు మీద పార్కు వేద్దామన్న మాటకు కార్యవర్గం ఒప్పుకోలేదు. హైదరాబాద్ దగ్గర జవహర్‌నగర్ డంపులో చెత్త గుట్టను పైనుంచి కప్పేసి మూత వేశారు. దాంతో పైనుంచి వాన ఆగుతుంది కానీ, అంతకుముందే భూమిలోకి దిగినది వెనక్కి రాదు. మన దగ్గర మూత కూడా లేదు, చెత్త కుళ్ళితే వచ్చే మండే వాయువు మీథేన్‌ను కొలిచినవాళ్ళూ లేరు.

వచ్చే విడత శాంపిళ్ళు వానలు తగ్గాక తీస్తాం. కిందటిసారి వద్దన్నవాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు, ఈసారీ రాయం. రిపోర్టులో వీధి నంబరే ఉంటుంది. శాంపిల్ తీసే ఆదివారం పొద్దున ఆరింటికి గేటు తీసి, మోటారు వేసి ఉంచితే చాలు.

— కార్యదర్శి, కాలనీ సంక్షేమ సంఘం