కాలనీ తోట, మిద్దె తోటలు: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పట్టీ ఆఫీసు బోర్డుకు అంటించి ఉంది. అభ్యంతరాలుంటే సర్వసభ్య సమావేశంలో అడగండి. ఈ నివేదిక తోట పనుల గురించే.

పార్కు మూలనున్న ఖాళీ జాగాలో మడులు చేశాం. తవ్వితే మట్టికన్నా సిమెంటు పెడ్డలే ఎక్కువ వచ్చాయి. వాటిని ఏరకుండా విత్తనం వేసిన రెండు మడుల్లో ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. అడుగు లోతు తవ్వి, జల్లెడ పట్టి, పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మడికి 25 కిలోల మాగిన పెంట కలిపాకే తేరుకున్నాయి. పెంట మాగిందో లేదో పిడికిట్లో పిసికి చూడండి. పొడిపొడిగా రాలాలి, వాసన రాకూడదు. పచ్చి పెంట వేస్తే వేర్లు మాడతాయి, వేరుపురుగు కూడా దాంతోనే వస్తుంది. ఎండాకాలం మడి నేలకన్నా నాలుగంగుళాలు లోతుగా ఉంటే నీళ్లు నిలుస్తాయి. ఎత్తు మడులు వానాకాలానికి.

మిద్దె మీద మొక్కలు చనిపోతే చాలామంది ఎండను తిట్టారు. ఎక్కువ ఇళ్లల్లో అసలు కారణం నీళ్లు. వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లు పారబోయబుద్ధికాక కుండీల్లో పోస్తున్నారు. మంచినీళ్లను వడకట్టగా మిగిలిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. మన బోరు నీళ్లలో ఉప్పులు, ఫ్లోరైడ్ మొదలే ఎక్కువ, అవి ఇంకా చిక్కబడతాయి. మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకు అంచులు మాడతాయి. నీళ్లు చాలలేదేమోనని అవే నీళ్లు ఇంకో చెంబు పోస్తాం, రోగం ముదురుతుంది. ఎయిర్ కూలర్ అడుగు నీళ్లూ ఇంతే. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం నిక్షేపంగా వాడుకోవచ్చు, బియ్యం కడిగిన నీళ్లు కూడా. తెల్ల పొర కనిపిస్తే 20 లీటర్ల తొట్టికి 40 లీటర్ల కృష్ణా నీళ్లు (నల్లాలో వచ్చేవి) మెల్లగా పోసి అడుగు నుంచి కారిపోనివ్వండి. ఉప్పుతోపాటు సత్తువ కూడా పోతుంది కాబట్టి మర్నాడు రెండు గుప్పిళ్ల వానపాముల ఎరువు వేయాలి.

మిద్దె మీద నేరుగా మట్టి పోయవద్దని మళ్లీ చెబుతున్నాం. అడుగు మందం తడి మట్టి చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది. ఇళ్ల పైకప్పుకు ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువులకు భారత ప్రమాణం) లెక్కలో తీసుకునే బరువు చదరపు మీటరుకు 150 కిలోలే. పెద్ద తొట్లు గోడల అంచున, కింద దూలం వెళ్లేచోట పెట్టండి. 200 లీటర్ల నీలం డ్రమ్మును సగానికి కోస్తే రెండు తొట్లు, ఒక్కోదానికి ఒక సోర పాదు. డ్రమ్ములో ముందు ఏముండేదో అడక్కుండా కొనకండి.

ఇక అదను. మన దగ్గర వసంతం పట్టుమని నెల కూడా ఉండదు. శివరాత్రికి విత్తనం పడితే రోహిణి కార్తె నాటికి కాపు సగం చేతికొస్తుంది, ఉగాది దాటాక వేస్తే మొలక దశలోనే వడదెబ్బ. బెండ, గోకర, తోటకూర, పుంటికూర, బచ్చలి, సోర, బీర ఎండకు ఓర్చుకుంటాయి. టమాట వద్దన్నా వేశారు. 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, ఎన్ని మందులు కొట్టినా నిలవదు. కొత్తిమీరకు కూడా చలికాలమే. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి, అంగుళం లోతున మూడేసి వేసి, మొలిచాక బలమైనదొక్కటే ఉంచండి. యాభై రోజులకు కాయ మొదలవుతుంది, రోజు విడిచి రోజు కోయకపోతే ముదురుతుంది.

సోరకు పూలున్నా పిందె లేదని ఫిర్యాదులు వచ్చాయి. ముందొచ్చేవి మగపూలే, ఎండ పెరిగితే ఇంకా ఎక్కువ. ఆడపూవుకు కింద వేలంత పిందె ఉంటుంది. సాయంత్రం పూలు విచ్చాక మగపూవు కోసి, రేకలు తీసి, పుప్పొడిని ఆడపూవు మధ్యలో అద్దాలి. తెల్లవారాక చేస్తే ఫలితం తక్కువ.

పిండినల్లికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు, సాయంత్రమే కొట్టాలి. కోతులకు మాత్రం వల తప్ప మార్గం దొరకలేదు, ఆ వలను కూడా రెండుసార్లు చింపాయి.

వచ్చే ఏడు 50 శాతం నీడ వల కాలనీ తోటకు కలిపి కొందామని ప్రతిపాదన. విత్తనాలు శివరాత్రికి ముందు ఆదివారం పొద్దున ఆఫీసు దగ్గర పంచుతాం. ఇంట్లో తొట్లెన్నో లెక్క రాసుకుని రండి.