రిసెప్టార్ లేని కణాల్లో కూడా వేసి చూడు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే అర్థమైంది, కణాలు పెంచే ప్లేట్లు బాగా వచ్చాయని. ఎస్‌ఆర్9009 అనే మందు వేసిన చోట కణాల పెరుగుదల తగ్గిందన్నావు. "ఇది రెవ్-ఎర్బ్ పనేనమ్మా" అన్నావు, అంటే ఆ మందు కణంలోని రెవ్-ఎర్బ్ అనే రిసెప్టార్‌కి (మందు అంటుకుని పనిచేయించే ప్రోటీన్‌కి) అంటుకోవడం వల్లే అని. అంత సంతోషంగా ఉన్నప్పుడు అడ్డు చెప్పబుద్ధి కాలేదు. కానీ చెప్పకుండా ఉండలేక ఇది రాస్తున్నాను.

ఆ మందు రెవ్-ఎర్బ్‌ను ఉత్తేజపరుస్తుందని 2012లో నేచర్ పత్రికలో వచ్చింది. అప్పటినుంచి ఎన్నో ల్యాబుల్లో వాడుతున్నారు. 2019లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు రెవ్-ఎర్బ్ రెండు రకాలూ, ఆల్ఫా, బీటా, తీసేసిన ఎలుక కణాల్లో దాన్ని వేసి చూశారు. అసలు రిసెప్టారే లేదు కదా, ఏమీ జరగకూడదు. అయినా కణాలు తగ్గాయి, వాటి జీవక్రియ మారింది, జీన్ల పనితీరూ మారింది. నువ్వు చూసింది అదే అయితే? నీ దగ్గరున్న ప్లేట్లను బట్టి ఔననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం.

ఇలాంటిది నాకూ జరిగింది. పరిశోధనకి చేరిన కొత్తలో ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో పెరిగే ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలకు కృత్రిమ ఈస్ట్రోజెన్ ఇచ్చేదాన్ని. ఇవ్వని ప్లేట్లలోనూ కణాలు అంతే పెరిగేవి. నాలుగు నెలలు మందు పాడైందనీ, మోతాదు చాలలేదనీ తిప్పలు పడ్డాను. చివరికి తేలిందేమిటంటే, కణాలను పెంచే ద్రవానికి (మీడియాకి) ఎర్ర రంగునిచ్చే ఫీనాల్ రెడ్‌తోనే ఆ కణాలకు ఈస్ట్రోజెన్ లాంటి ప్రేరణ అందుతోంది. ఆ సంగతి 1986లోనే అచ్చయింది. నేను చదవలేదు. ఆ రోజు హాస్టల్ గదిలో ఎంత ఏడ్చానో మీ నాన్నకి కూడా చెప్పలేదు.

అందుకని రెండు రిసెప్టార్లూ లేని కణాలు ఎవరి దగ్గరున్నాయో మీ గైడ్‌ని అడుగు. అవి దొరికేదాకా మీటింగ్‌లో ఈ ఫలితాన్ని గట్టిగా చెప్పకు. మందును కరిగించే డీఎంఎస్‌ఓ ద్రవం ఒక్కటే వేసిన ప్లేట్లు ప్రతిసారీ పక్కన ఉండాలి, అన్నిట్లో ఒకే శాతం. మోతాదు పెంచుకుంటూ పోవద్దు, పెంచేకొద్దీ మందు ఇతర ప్రోటీన్లకీ అంటుకుంటుంది. మీ సీనియర్ వాడే టీ0901317 అనే మందు కూడా అంతే. ఎల్‌ఎక్స్‌ఆర్ అనే రిసెప్టార్ కోసమని వేస్తారు గానీ, అది పీఎక్స్‌ఆర్ అనే మరో రిసెప్టార్‌ను కూడా లేపుతుంది.

ఆ కణాల ఫలితం ఎటు వచ్చినా ముందు నాకు ఫోన్ చెయ్యి. రాత్రి ఎంత ఆలస్యమైనా సరే, మేలుకునే ఉంటాను.

అమ్మ