తలసీమియా పరీక్షకి శాంపిల్ అయినా మన ఊళ్లో తీసుకోవాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కావలి. మా మేనకోడలికి తలసీమియా, అంటే అమ్మానాన్నల జీన్ల నుంచి వచ్చే, ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని జబ్బు, ఏడేళ్ల పిల్ల, మూడు వారాలకోసారి నెల్లూరు తీసుకుపోయి రక్తం ఎక్కించుకొస్తారు. నర్సు రాకముందే చొక్కా చెయ్యి తనే మడిచిపెట్టుకుంటది, మా చెల్లెలు మటుకు గోడవైపు తిరిగి కూచుంటది. చెల్లెలికి పెళ్లికి ముందునుంచీ రక్తం తక్కువని ఐరన్ మాత్రలు మింగిస్తానే వున్నారు గానీ రక్తంలో హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష ఒక్కరూ రాయలా. అందులో హెచ్‌బీ ఏ2 అనే హిమోగ్లోబిన్ రకం 3.5 శాతం దాటితే క్యారియర్, అంటే తనకి జబ్బు లేకపోయినా ఆ జీన్ మోసే మనిషి అని అనుమానించాల. మేనరికం, మా బావ కూడా క్యారియరే, ఇద్దరూ అయితే ప్రతి కాన్పుకీ బిడ్డకి జబ్బొచ్చే రిస్కు 25 శాతం అని పాపకి జబ్బు బయటపడ్డాకే తెలిసింది మాకు.

ఇప్పుడు మా పెద్దమ్మ మనవడికి సంబంధం చూస్తా పరీక్ష చేయిస్తే ఏ2 3.4 వచ్చింది, అటూ కాదు ఇటూ కాదు. డీఎన్ఏ పరీక్షకి పంపితే జీన్‌లో ఒక అక్షరం మారింది, దానివల్ల జబ్బొస్తదో లేదో చెప్పలేం అని రిపోర్టు. ఇట్టాంటి చోటే రక్తంలో ఆర్ఎన్ఏ చూడాలంట. ఆర్ఎన్ఏ అంటే జీన్ నుంచి తీసిన కాపీ, అందులో అక్కర్లేని ముక్కలు కత్తిరించి మిగతాది అతికిస్తేనే హిమోగ్లోబిన్‌లో వుండే గ్లోబిన్ ప్రొటీన్ తయారయ్యేది, టైలర్ గీసిన గీత చెరిగితే కత్తెర పక్కకి పోయినట్టు ఆ కత్తిరింపు తప్పితే ఆర్ఎన్ఏలో కనపడుద్ది. మన దేశంలో బీటా తలసీమియాకి ఎక్కువగా కనిపించే ఐవీఎస్ 1-5 అనే జీన్ మార్పు చేసేది సరిగ్గా ఈ పనే, కత్తిరింపు తప్పించడం. ముదిరిన ఎర్రకణంలో న్యూక్లియస్ వుండదు, కానీ అప్పుడే పుట్టిన ఎర్రకణాలు, అంటే రెటిక్యులోసైట్లలో గ్లోబిన్ ఆర్ఎన్ఏ ఇంకా మిగిలుంటది, అందుకని మామూలు రక్తం శాంపిలే చాలు.

ఈ ఆర్ఎన్ఏ పరీక్ష ఇంకా ఎక్కువగా రీసెర్చ్‌లోనే వుందని నాకు తెలుసు, రేపే ప్రతి ల్యాబులో పెట్టమని అడగడంలా. ఆర్ఎన్ఏ తొందరగా చెడిపోతది, మామూలు ఊదామూత ట్యూబులో పోసి మే నెల ఎండలో బస్సులో పంపితే హైదరాబాద్ చేరేసరికి ఏం మిగలదు. ఆర్ఎన్ఏ చెడకుండా మందు కలిపిన ట్యూబులు వేరే వున్నాయి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల్లో ఆ ట్యూబులు పెట్టి, శాంపిల్ తీయడం వచ్చిన ఒక టెక్నీషియన్‌ని కూచోబెట్టి, హైదరాబాద్ ల్యాబులకి చల్లగా పంపే ఏర్పాటు చేస్తే చాలు. పిల్లలకైతే రక్తం ఎక్కించకముందే శాంపిల్ తీయాల, ఎక్కించాక దాత రక్తం కలిసిపోయి రిపోర్టు తేడా కొడతది, ఇది ఆసుపత్రుల్లో చెప్పేవాళ్లే లేరు. ముందు ఏరియా ఆసుపత్రుల్లో గర్భిణులందరికీ హెచ్‌పీఎల్‌సీ రాయండి, అది ఇప్పుడే చెయ్యొచ్చు.

ఇట్లు,
ఒక మేనమామ, కావలి