కౌంటరు దగ్గర నిలబడిన అమ్మాయి

చిట్టితల్లికి,

నీ కాఫీ షాపులో రెండు పూటలు మూల బల్ల దగ్గర కూర్చుని వచ్చాను కదా, ఇంటికి చేరినా మనసు అక్కడే తిరుగుతోంది. కాఫీ గురించి నాకు బెంగ లేదు. గింజలు వేయించిన తేదీ చూసి కొంటున్నావు. నీళ్లు 90 డిగ్రీలు దాటాలి, మరగకూడదు అని కనిపెట్టుకుని ఉంటున్నావు. ఎస్ప్రెస్సో 25, 30 సెకన్లలో సరిగ్గా దిగకపోతే పారబోసి మళ్లీ తీస్తున్నావు. నేను రాయాలనుకున్నది కప్పు అందించేటప్పటి నీ ముఖం గురించి.

మొదటి రోజు సాయంత్రం చేతులు వణికే పెద్దాయన ఒకరు వచ్చారు. నువ్వు ఏమీ అనలేదు. కప్పులో రెండు వేళ్ల వెలితి ఉంచి, మిగిలిన కాఫీ చిన్న జగ్గులో పోసి, రెండూ నువ్వే ఆయన బల్ల దగ్గరికి తెచ్చిపెట్టావు. ఆయన ఒక్క చుక్క ఒలకకుండా తాగి వెళ్లారు. ఆ క్షణంలో ఈమె నా కూతురని అక్కడున్న అందరికీ చెప్పుకోవాలనిపించింది.

మర్నాడు ఉదయం రోజూ వచ్చే నలుగురు కౌంటరు దగ్గర చేరారు. ఒకటే నవ్వులు. వాళ్ల వెనక భుజాన సంచితో ఒక అమ్మాయి నిలబడింది. గోడ మీది పట్టిక చదివింది, రెండుసార్లు నోరు తెరవబోయి ఆగింది. కాసేపటికి నువ్వు చూశావు, ఏం కావాలని అడిగావు, ఇచ్చావు. మర్యాదకు లోటు చేయలేదు. కానీ అడుగుతున్నంతసేపూ నీ చూపు ఆ నలుగురి మీదే ఉంది. బల్లలు ఖాళీగా ఉన్నా ఆమె కూర్చోలేదు. నిలబడే సగం తాగి, కప్పు పెట్టేసి వెళ్లిపోయింది. అవే గింజలు, అదే యంత్రం, అదే చెయ్యి.

ఆ నలుగురితో చనువు తగ్గించుకోమనడం లేదమ్మా. వాళ్లు నీ షాపుకు ప్రాణం. అయితే కొత్తగా వచ్చినవాళ్లు యజమాని ఎవరితో నవ్వుతోందో చూస్తారు, ఈ చోటు వాళ్లదే, మనది కాదు అనుకుంటారు. మాటల మధ్యలో తల తిప్పి 'వచ్చేస్తున్నా' అని ఒక్క మాట అన్నా చాలు, నిలబడినవాళ్లకు ఆ ఎదురుచూపు బరువనిపించదు.

శాండ్‌స్ట్రామ్, డన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించిన ప్రయోగం ఒకటి చదివాను. కాఫీ కొనడానికి వెళ్లేవారిలో కొందరిని, కాఫీ ఇచ్చే మనిషిని చూసి నవ్వి రెండు మాటలు మాట్లాడమన్నారు. మిగతావారిని చప్పున పని ముగించుకుని రమ్మన్నారు. మాట్లాడి వచ్చినవాళ్లే ఎక్కువ ఉల్లాసంగా ఉన్నారట, నలుగురిలో తామూ ఒకరమన్న భావన వాళ్లలోనే ఎక్కువగా కనిపించిందట. అంత చిన్న పలకరింపుకే అంత ఫలితం ఉందంటే నాకు ఆశ్చర్యం వేసింది. ఆ అమ్మాయి గుర్తొచ్చి బాధ కూడా కలిగింది.

పలకరింపంటే నోటిమాటే కానక్కర్లేదు. 1688 నాటికే లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హౌస్ నడిపేవాడు. అక్కడికి వచ్చేది నావికులు, ఓడల యజమానులు, వర్తకులు. వాళ్లకు ఓడల కబురు కావాలి. ఆయన ఆ కబుర్లు సేకరించి అందించాడు, 1696లో ఏకంగా ఒక పత్రికే నడిపాడు. ఆ బల్లల దగ్గర పుట్టిన ఓడల బీమా వ్యాపారం ఆయన పేరుతోనే ఇప్పటికీ సాగుతోంది. వచ్చినవాళ్లకు ఏం కావాలో కనిపెట్టాడు, అదీ ఆయన స్నేహం. పెద్దాయన కప్పులో నువ్వు ఉంచిన వెలితి కూడా అలాంటిదే.

కొందరికి కావలసింది మౌనం. కిటికీ పక్కన కంప్యూటర్‌తో కూర్చున్న అబ్బాయిని 'బాగుందా' అని మూడుసార్లు అడిగావు. మూడోసారికి అతను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అలాంటివాళ్లను ఒకసారి అడిగి వదిలేయి.

ఇంకొక్క మాట, ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. పాలు ఒలికినప్పుడు నీ దగ్గర పనిచేసే కుర్రాడిని అందరి ముందూ కసిరావు. షాపంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నా పక్క బల్ల దగ్గర ఇద్దరు తలలు దించుకుని గబగబా తాగేశారు. పొద్దున్నుంచి నువ్వు నవ్విన నవ్వులన్నీ ఆ నిమిషంలో తుడిచిపెట్టుకుపోయాయి తల్లీ. అలసిపోయావని తెలుసు. అలాంటప్పుడు కౌంటరు అతనికి అప్పగించి, లోపల కాసేపు కూర్చో. బలవంతంగా నవ్వాల్సిన పని లేదు.

ఆ సంచి అమ్మాయి మళ్లీ వస్తే నాకు రాయి.

ఆశీస్సులతో,
నాన్న