మన బోరు నీళ్ళ విషయమై నాన్నగారికి

విల్మింగ్టన్, నార్త్ కరోలినా

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమంగానే ఉన్నాను. పని ఎప్పటిలాగే సాగుతున్నది. మా ప్రొఫెసరు గారు మంచివారు, జీతం వేళకు వస్తున్నది. ఆ విషయంలో మీరు దిగులు పడవలసింది ఏమీ లేదు. సర్పంచి గారు నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకొని మన ఇంటికి వచ్చి, "మీ వాడు అమెరికాలో నీళ్ళలోని ఫ్లోరిన్ తీసే పొడి చేస్తున్నాడట, మన ఊరికి ఎప్పుడు తెస్తాడు" అని అడిగినట్టు మీరు ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆ మాట చెబుతున్నప్పుడు మీ గొంతులోని సంతోషం విని వెంటనే కాదనలేకపోయాను. ఫోనులో సగం సగం చెప్పడం కంటె, మీరు వారికి చదివి వినిపించగలిగేలా వివరంగా రాయడమే మంచిదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా అసలు మాట చెబుతాను. నేను చేస్తున్న పొడి మన బోరు నీళ్ళలోని ఫ్లోరైడును తీయదు. దయచేసి నా పేరు మీద ఎవరికీ మాట ఇవ్వకండి.

ఎందుకు తీయదో తెలియాలంటే ఆ పొడి ఏమిటో తెలియాలి. సైక్లోడెక్స్‌ట్రిన్ అనే పదార్థం దానికి మూలం. దీనిని 1891లో ఫ్రాన్సుకు చెందిన విలియే అనే శాస్త్రవేత్త, పిండిపదార్థాన్ని సూక్ష్మజీవులు జీర్ణం చేసుకుంటున్నప్పుడు గమనించారు. అందులో గ్లూకోజు అణువులు ఒకదానినొకటి పట్టుకొని వలయంగా నిలుస్తాయి. ఆరు కలిస్తే ఒక రకం, ఏడు కలిస్తే మరొకటి, ఎనిమిది కలిస్తే ఇంకొకటి. నేను వాడేది ఏడింటి వలయం. అమ్మ బిందె కింద తలమీద పెట్టుకునే చుట్టకుదురును అణువంత చిన్నదిగా ఊహించుకోండి, నడుమ ఖాళీ ఉంటుంది. ఈ వలయపు వెలుపలి భాగానికి నీళ్ళంటే ఇష్టం, లోపలి భాగానికి అంత ఇష్టం లేదు. అందువల్ల నీళ్ళలో ఇమడలేక తిరిగే నూనె స్వభావపు అణువు ఏదైనా సరిపడే పరిమాణంలో ఎదురైతే, అది ఆ ఖాళీలో చేరి కూర్చుంటుంది.

అయితే విడి వలయాలు నీళ్ళలో కరిగిపోతాయి కనుక వాటితో నీళ్ళు వడకట్టడం సాధ్యం కాదు. వలయాన్ని వలయంతో గట్టి అణువులతో ముడివేసి, కరగని జాలంగా అల్లితే, ఆ జాలమంతటా సన్నని రంధ్రాలు మిగులుతాయి. 2016లో అమెరికాలోని డిక్టెల్ అనే రసాయన శాస్త్రవేత్త గారి బృందం ఈ పద్ధతిలో చేసిన పదార్థంలో ఒక్క గ్రాముకు 263 చదరపు మీటర్ల ఉపరితలం లెక్కతేలింది, అంటే మన లెక్కలో సుమారు 314 గజాలు. ప్లాస్టిక్కుల నుంచి నీళ్ళలోకి దిగే బిస్‌ఫినాల్-ఎ వంటి కాలుష్యాలను అది నీళ్ళ ఫిల్టర్లలో వాడే మామూలు యాక్టివేటెడ్ కార్బన్ కంటె ఎన్నో రెట్లు వేగంగా పట్టుకున్నది. తరువాత గది వేడిమిలోనే మిథనాలు అనే ద్రావకంతో కడిగితే పట్టినదంతా వదిలేసి, మళ్ళీ పనికి సిద్ధమైంది.

నేను ఆ పొడిని చేసే రోజున మీరు పక్కన ఉండి చూస్తే బాగుండేదని అనుకుంటాను. తెల్లని సైక్లోడెక్స్‌ట్రిన్‌ను, ముడివేసే రసాయనాన్ని, పొటాషియం కార్బొనేటును ద్రావకంలో కలిపి, 80 డిగ్రీల దగ్గర తిప్పుతూ ఉంచితే నెమ్మదిగా లేత పసుపు ఛాయ తిరుగుతుంది. తరువాత దానిమీద పలుచని ఆమ్లం పోస్తే, మిగిలిపోయిన కార్బొనేటు బుసబుస పొంగి నురగ లేస్తుంది. ఆ నురగ పూర్తిగా ఆగేదాకా కడుగుతూనే ఉండాలి, తొందరపడితే రంధ్రాలలో ఉప్పు ఉండిపోతుంది. చివరకు వడపోత కాగితం మీద మిగిలేది సెనగపిండి రంగులో ఉన్న తేలికైన పొడి.

ఇక ఆ పొడి పట్టుకునే ఫ్లోరిన్ ఏది, మన ఊరి ఫ్లోరిన్ ఏది అన్నది సర్పంచి గారికి స్పష్టంగా చెప్పాలి. నేనుండే ఈ ఊరు కేప్ ఫియర్ నది నీళ్ళు తాగుతుంది. ఎగువన ఉన్న ఒక రసాయన కర్మాగారం నుంచి జెన్ఎక్స్ అనే పదార్థం, దానికి చుట్టాలైన మరికొన్ని నదిలో కలుస్తున్నాయని 2017లో పత్రికలు రాసేదాకా, తాగుతున్న జనానికి ఆ సంగతే తెలియదు. వీటిలో ఫ్లోరిన్ కార్బనును పట్టుకొని ఉంటుంది. రసాయన శాస్త్రంలో అంత గట్టి బంధాలు తక్కువ. అందుకే ఇవి ఎన్నేళ్ళయినా విరగవు. ఈ కుటుంబంలోనిదే పీఎఫ్ఓఏ అనే మరొకటి క్యాన్సర్ కారకమని 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. తాగునీటిలో అది లీటరుకు 4 నానోగ్రాములు మించరాదని ఈ దేశ ప్రభుత్వం 2024లో నియమం పెట్టింది. ఈ అణువులకు పొడవైన తోక, ఋణావేశం గల తల ఉంటాయి. తోకకు నీళ్ళంటే గిట్టదు కనుక వలయంలో చేరుతుంది. జాలానికి ధనావేశం తగిలిస్తే తలను కూడా అది పట్టి ఉంచుతుంది. నా పని ఆ రెండో భాగంలోనే ఉన్నది.

మన బోరులోనిది అలా కాదు. మన నేల కింద ఉన్న గ్రానైటు రాళ్ళలోని ఖనిజాలు కొద్దికొద్దిగా కరిగి, ఫ్లోరైడు అయానుగా, అంటే ఋణావేశం గల ఒంటరి ఫ్లోరిన్ కణంగా, నీళ్ళలోకి వస్తున్నది. దానికి తోక లేదు. అతి చిన్నది, తన చుట్టూ నీటి అణువులను గట్టిగా బిగించుకొని ఉంటుంది. ఆ నీళ్ళను వదిలి వలయంలోకి రమ్మంటే అది రాదు. ఫ్లోరైడును పట్టే వలయాలు అసలు లేవని కాదు. 1886లో జర్మన్ శాస్త్రవేత్త బేయర్ మొదటిసారి చేసిన కాలిక్స్‌పైరోల్ అనే వలయం ఫ్లోరైడును, క్లోరైడును పట్టుకుంటుందని టెక్సాస్‌లో సెస్లర్ గారి బృందం 1996లో చూపించింది. కానీ అది సేంద్రియ ద్రావకాలలో జరిగిన పని. నీళ్ళలో, అందులోనూ మన ఉప్పు బోరు నీళ్ళలో, అదే పని చేయించడం చాలా కష్టం. నాకు ఆ వైపు వెళ్ళాలనే కోరిక బలంగా ఉన్నది. కోరికను హామీగా మాత్రం మీరు ఎవరికీ చెప్పకండి.

అమ్మ అడిగిన దానికి కూడా ఇక్కడే చెబుతున్నాను. నా దగ్గు రసాయనాల వల్ల వచ్చింది కాదు. వసంతంలో ఇక్కడి పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీద, కిటికీల మీద పచ్చగా పేరుకుంటుంది, ఊరంతా దగ్గుతుంది. సైక్లోడెక్స్‌ట్రిన్ విషం కాదమ్మా, మందుబిళ్ళల్లోనూ ఆహార పదార్థాల్లోనూ వాడేదే. ముడివేసే రసాయనం విషయంలో జాగ్రత్త అవసరమే. అందుకే చేతికి తొడుగులు వేసుకొని, గాలి లాగే అరలో తప్ప దాన్ని ముట్టను. తాగే నీళ్ళ సంగతి అంటావా, ఈ ఊరి నీటి కేంద్రంలో 2022 నుంచి పెద్ద కార్బన్ ఫిల్టర్లు నడుస్తున్నాయి. ఆ కార్బను నిండిపోయినప్పుడల్లా మార్చాలి, తోక పొట్టిగా ఉన్నవి త్వరగా జారిపోతాయి. మా పొడి అవసరం పడేది అక్కడే.

తమ్ముడు ఇంటర్ పిల్లలకు చెప్పడానికి మరేమైనా రాయమన్నాడు. ఇలాంటి వలయాలు నీళ్ళు కడగడానికే పరిమితం కావని చెప్పమనండి. వలయంలో ముందుగా ఒక మెరిసే రంగును కూర్చోబెడితే, కాలుష్యం వచ్చి దానిని బయటికి నెట్టినప్పుడు వెలుగు మారుతుంది, దానితో కాలుష్యాన్ని పసిగట్టవచ్చు. మన రక్తంలోని హీములో, ఆకుపచ్చదనంలో ఉండే పోర్ఫిరిన్ జాతి వలయంలో కోబాల్టును బిగించి, వాటిని జాలంగా అల్లి, బొగ్గుపులుసు వాయువును విద్యుత్తుతో కార్బన్ మోనాక్సైడుగా మార్చే ఉత్ప్రేరకాన్ని 2015లో చేశారు. మా గదిలోనే ఒక చైనా అమ్మాయి ఆ దారిలో పనిచేస్తున్నది.

నాన్నగారూ, నా భయమంతా నానమ్మ గురించే. మిషన్ భగీరథ పథకం కింద వచ్చే కృష్ణా నీళ్ళు సన్నగా వస్తున్నాయని మళ్ళీ బోరు బిందె పెడుతున్నారని చెల్లి చెప్పింది. ఫ్లోరైడు వల్ల వంగిపోయిన ఆ నడుము నిటారు కాదని నాకు తెలుసు, ఇంకా బిగుసుకోకుండా చూడడమే మన చేతిలో ఉన్నది. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కనవుతుంది. చింతపండు తింటే ఒంట్లోని ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారు గమనించిన మాట నిజమే. అమ్మ పచ్చిపులుసు మానవద్దు, అయితే దాని ధైర్యంతో బోరు నీళ్ళు తాగవద్దు.

సర్పంచి గారికి నా తరఫున ఇలా చెప్పండి. కృష్ణా నీళ్ళు ట్యాంకు నుంచి చివరి వీధి దాకా సరిగా అందేలా అధికారుల వెంట పడాలి. అవి రాని రోజులకు ఆర్ఓ ప్లాంటు బాగుచేయించుకోవాలి. లేదంటే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) వారు రూపొందించి, మన నల్లగొండ జిల్లా పేరే పెట్టిన పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి పద్ధతి ఉన్నది. దాన్ని తెలిసినవారి చేత, కొలత తప్పకుండా చేయించాలి. ఊరి బోర్లన్నిటి నీళ్ళనూ పరీక్షకు పంపమనండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ప్రతి బోరుకూ తాగడానికి పనికిరాదని ఎర్ర రంగు వేయించాలి. ఆ కాగితాలు రాగానే తమ్ముడి చేత ఫొటోలు తీయించి నాకు పంపండి. ఏ బోరు ఎంత ఉన్నదో, దానిలో ఉప్పు, కాల్షియం ఎంత ఉన్నాయో చూసి, ఏ పద్ధతి సరిపడుతుందో నేను లెక్కవేసి రాస్తాను.

ఇట్లు
మీ కుమారుడు
నరేందర్