మీ అమ్మను ఏ హోటల్‌కి తీసుకెళ్లాలంటే

పలాస

చిట్టితల్లీ,

బోనస్ రాగానే అమ్మను హైదరాబాద్‌లో పెద్ద హోటల్‌కి తీసుకెళ్తానన్నావు, ఎక్కడైతే బాగుంటుందో చెప్పమన్నావు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. నువ్వు పుట్టకముందు నుంచి ఆ ఊరి హోటళ్లలో వడ్డించే స్టీవార్డ్‌గా, తర్వాత వడ్డించే వాళ్లని చూసుకునే కెప్టెన్‌గా పనిచేసినవాణ్ణి. పిల్ల అడిగితే నాకు బాగా తెలిసిన విషయం మీదే అడిగిందని సంతోషంగా ఉంది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పేర్లన్నీ చూశాను. చాలావరకు ఫొటోలకి బాగుండే చోట్లు. పై అంతస్తులో కుర్చీలు, రంగు రంగుల లైట్లు, చెట్టుకి వేలాడే దీపాలు. స్నేహితులతో వెళ్లు, నేను వద్దనను. అమ్మతో అయితే నేను రెండు సంగతులు చూస్తాను. ఆ వంటింట్లో ఇంట్లో చెయ్యలేని పని, గంటల తరబడి మనిషి దగ్గరుండి చేసే పని ఒక్కటైనా జరుగుతోందా అన్నది ఒకటి. తీసుకెళ్లే మనిషి అక్కడ నిబ్బరంగా కూర్చోగలదా అన్నది రెండోది. రెండోదే ముఖ్యం.

మీ అమ్మ రానంటోంది. నీకు మోకాళ్ల నొప్పులని చెప్పింది గానీ అసలు సంగతి ఆవిడ చేతులు. ఇన్నేళ్లూ జీడిపిక్కలు కొట్టిన చేతులవి. బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా జీడి నూనె చర్మాన్ని కాల్చకుండా వదలదు. వేళ్ల సందుల్లో ఆ నలుపు ఫ్యాక్టరీ మానేశాక కూడా పోలేదు. తెల్ల గుడ్డ పరిచిన టేబుల్ మీద ఆ చేతులు పెట్టాలంటే ఆవిడకి బెరుకు. ఫోర్కు పట్టుకోవడం రాదని ఇంకో టెన్షన్. నిన్న రాత్రి కదిపితే బయటపెట్టింది. నువ్వు ఈ సంగతి తెలియనట్టే ఉండు.

అందుకే నా మాట బేగంపేటలో ఐటీసీ కాకతీయలో ఉన్న పెషావరీ. ఢిల్లీలో ఐటీసీ మౌర్య హోటల్‌లో బుఖారా అని ఒక రెస్టారెంట్ ఉంది. ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ తిన్న చోటు అది. దాని వంటనే వేరే ఊళ్లలో పెషావరీ పేరుతో పెడుతున్నారు. అక్కడి పద్ధతే చేత్తో తినడం. కోటు వేసుకుని వచ్చిన వాడైనా సరే, బట్టల మీద పడకుండా మెడకి గళ్ల గుడ్డ కట్టుకుని, రొట్టె చేత్తో తుంచుకుని తింటాడు. ఫోర్కు కావాలంటే అడిగి తెప్పించుకోవాలి. ఊళ్లో ఖరీదైన చోట్లలో అదొకటి, పైగా మీ అమ్మకి అక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. గళ్ల గుడ్డ కట్టేటప్పుడు మాత్రం నువ్వు ముందు కట్టించుకో. నిన్ను చూసి ఆవిడ కూడా కట్టించుకుంటుంది.

దాల్ బుఖారా తప్పకుండా చెప్పు. పొట్టుతో ఉన్న నల్ల మినుములు. వాటిని టమాటా, అల్లం వెల్లుల్లితో కలిపి తందూరు సెగ మీద రాత్రంతా వదిలేస్తారు. వెన్న, మీగడ చివర్లో. అందులో పోపు కనిపించదు, కారం పెద్దగా ఉండదు. గింజ విడిగా కనిపిస్తూనే నోట్లో పెట్టగానే కరిగిపోతుంది. మీ మామ్మ పిడకల దాలిలో పొద్దున్నే పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి మీగడ కట్టేవి చూడు, ఆ రుచి ఎక్కడి నుంచి వచ్చిందో ఇదీ అక్కడి నుంచే వచ్చింది. గ్యాస్ మంట పెంచి తొందర పెడితే రాదు. ధర చూసి మీ అమ్మ "మినప్పప్పుకి ఇంతా" అంటుంది. మెనూ కార్డు నీ చేతిలోనే ఉంచుకో.

ముగ్గురికి ఒక దాల్, ఒక కబాబ్, ఆ పెద్ద నాన్ ఒకటి చాలు. ఆ నాన్ ఒక్కటి టేబుల్ మొత్తానికి సరిపోయేంత ఉంటుంది. సికందరీ రాన్ అని కాలు మొత్తం కాల్చి తెస్తారు. చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ మనం ముగ్గురం దాని జోలికి వెళ్తే ఇంకేమీ తినలేం. తిన్నాక గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిమ్మకాయ ముక్క వేసి తెస్తే అది చేతులు కడుక్కోవడానికి. ముందు నువ్వు వేళ్లు ముంచు.

ఫలక్‌నుమా అంటే మీ అమ్మకి తెలిసింది రైలే. హౌరా నుంచి మన పలాస మీదుగా సికింద్రాబాద్ వెళ్లే ఆ రైలుకి హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా ప్యాలెస్ పేరే పెట్టారు. నేను ఎన్నోసార్లు ఎక్కి దిగిన రైలది. ప్యాలెస్‌ని పైగా అనే నవాబుల వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా కట్టించాడు. 1884లో మొదలుపెట్టి దాదాపు పదేళ్లు కట్టారు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తీసుకున్నాడు. ఎన్నో ఏళ్లు మూతపడి ఉన్నదాన్ని తాజ్ వాళ్లు బాగుచేసి 2010లో హోటల్‌గా తెరిచారు. 101 మంది ఒకేసారి కూర్చునే టేబుల్ అక్కడే ఉంది. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు మన ప్రధాని విందు ఇచ్చింది ఆ హాల్లోనే. అదా అనే రెస్టారెంట్‌లో హైదరాబాదీ వంట, సెలెస్ట్‌లో ఇటాలియన్. ముందు రిజర్వేషన్ లేకుండా గేటు దాటనివ్వరు. అక్కడికి కూడా అమ్మను తీసుకెళ్లాలి, నాకూ ఆ కోరిక ఉంది. మొదటిసారికి మాత్రం వద్దు. ఆ మెట్లు, ఆ అద్దాలు, ఆ షాండ్లియర్లు చూస్తూ ఆవిడ తిండి మీద మనసు పెట్టలేకపోతుంది. రెండోసారి వచ్చినప్పుడు సాయంత్రం టీకి వెళ్దాం. భోజనం కంటే ఖర్చు తగ్గుతుంది, వెలుగు ఉండగా ఊరంతా కొండ మీద నుంచి కనిపిస్తుంది.

హైదరాబాద్ వంటే తినిపించాలనుకుంటే బంజారాహిల్స్‌లో తాజ్ కృష్ణలో ఫిర్దౌస్ ఉంది. బిర్యానీ ఎలాగూ చెబుతావు. పచ్చి మాంసాన్నే మసాలాలో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూతకి పిండి మెత్తి దమ్ చేసే కచ్చి పద్ధతి ఆ ఊరి గొప్ప. మాంసం, బియ్యం రెండూ ఒకే క్షణానికి ఉడకాలి, మూత తీసి చూసుకునే వీలు లేదు. దాంతోపాటు బఘారే బైంగన్ చెప్పు. గుత్తి వంకాయలు, నువ్వులు, వేరుశనగ గుళ్లు, కొబ్బరి, చింతపండు. పేరు ఉర్దూ అయినా మీ అమ్మ ఒక్క ముద్ద తిని అందులో ఏమేం పడ్డాయో వరసగా చెప్పేస్తుంది. చెప్పనీ. 2019లో యునెస్కో హైదరాబాద్‌ని వంటల నగరాల జాబితాలో చేర్చింది. బిర్యానీ ఒక్కదానికే పేరు వచ్చిందనుకోవద్దు, ఇలాంటి వంటలు చాలా ఉన్నాయి ఆ ఊళ్లో.

ఇంకో సంగతి మీ అమ్మకి తప్పకుండా చెప్పు. పెద్ద హోటళ్లలో తెల్లగా, చిక్కగా ఉండే గ్రేవీలు చాలావరకు జీడిపప్పు నూరి చేసినవే. గుండు పప్పు మిఠాయిలకి, పైన చల్లడానికి పోతుంది. ముక్క పప్పు నూరడానికి వాడతారు. వంటింట్లో జీడిపప్పు డబ్బా తెరిచినప్పుడల్లా నేను అది ఎక్కడి నుంచి వచ్చిందో చూసేవాణ్ణి. మన పలాస పక్కన కాశీబుగ్గ పేరు కనబడితే ఆ రోజంతా నాకు హుషారుగా ఉండేది. ఆ తెల్ల టేబుళ్ల మీదికి మీ అమ్మలాంటి వాళ్ల పని ఎప్పుడో చేరింది, ఆవిడే ఇంకా వెళ్లలేదు. మేం పనిచేసిన చోట స్టాఫ్‌కి కింద క్యాంటీన్‌లో భోజనం, పైన హాల్లో కూర్చునే వీలు లేదు. సెలవు పెట్టి గెస్ట్‌గా తీసుకెళ్లాలంటే నా జీతం చాలేది కాదు. నువ్వు తీసుకెళ్తానన్నావు కాబట్టి నాకు ఇంత పట్టుదల.

మిగతావి గబగబా చెబుతాను. మీ ఆఫీసు వైపు ఐటీసీ కోహెనూర్‌లో దమ్ పుఖ్త్ బేగమ్స్ ఉంది, లక్నో వైపు అవధ్ వంట, మీ మేనేజర్లని తీసుకెళ్లడానికి బాగుంటుంది. పార్క్ హయత్‌లో త్రే ఫోర్ని ఇటాలియన్, స్నేహితులతో వెళ్లు. కాకతీయలోనే దక్షిణ్ కూడా ఉంది, దక్షిణాది రాష్ట్రాల వంటలు పెడతారు. ఉత్తరాది నుంచి మీ టీమ్‌కి ఎవరైనా వస్తే అక్కడికి తీసుకెళ్లు, మన వంట అంటే ఇడ్లీ ఒక్కటే కాదని తెలుస్తుంది.

బిల్లు సంగతి. విడిగా ఉన్న రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. నేను చెప్పినవన్నీ దాదాపు ఆ రెండో రకమే, కాబట్టి మెనూలో ధర చూసి అంతే అనుకోవద్దు. సర్వీస్ చార్జ్ వేరు. అది తప్పనిసరి కాదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్నే నిలబెట్టింది. వద్దంటే తీసేయాలి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. మంచినీళ్లు ఏవి కావాలని అడిగితే మామూలు నీళ్లు చాలని చెప్పు, సీసా నీళ్లకి వేరే బిల్లు పడుతుంది. ఇవన్నీ అడగడానికి సిగ్గుపడకు. రోజూ వచ్చే డబ్బున్న వాళ్లే అందరికంటే ఎక్కువ అడుగుతారు, నా కళ్లతో చూశాను.

సర్వీస్ చార్జ్ తీయించినా, మీకు వడ్డించిన కుర్రాడి చేతిలో మాత్రం ఏదో ఒకటి పెట్టు. బ్రేక్ షిఫ్ట్ అంటే మధ్యాహ్నం భోజనాలు, మళ్లీ రాత్రి భోజనాలు. మధ్యలో ఇంటికి వెళ్లి రావడానికి టైమ్ చాలదు, బట్టలు మార్చుకునే గదిలో కూర్చునే ఉంటారు. జేబు మీద పేరు ఉంటుంది, చదివి ఆ పేరుతో పిలువు. మన జిల్లా పిల్లలు ఆ పనుల్లో చాలామంది ఉన్నారు. ఏ ఊరు బాబూ అని మీ అమ్మ అడిగితే ఆపకు. టెక్కలి అనో సోంపేట అనో అన్నాడంటే ఇక ఆవిడకి బెరుకన్నది ఉండదు.

తేదీ గురించి. కార్తీకంలో మీ అమ్మ నీచు ముట్టదు, అది వెళ్లనీ. మార్గశిరంలో లక్ష్మివారాలు కూడా ముట్టదు, కాబట్టి గురువారం తప్పించు. శనాదివారాలు వద్దు, రద్దీగా ఉంటే వడ్డించే వాళ్లకి మాట్లాడే తీరిక ఉండదు. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం ఒంటిగంటకి అయితే హాయిగా ఉంటుంది. రిజర్వేషన్ నీ పేరు మీదే చెయ్యి. వంటింటి అద్దం కనిపించే టేబుల్ కావాలని ముందే చెప్పు, అమ్మను అటువైపు తిరిగి కూర్చోబెట్టు. తందూరులో చేయి పెట్టి రొట్టె తీసే వాళ్లని చూడటం ఆవిడకి ఇష్టమవుతుంది.

అమ్మను ఒప్పించే బాధ్యత నాది. నీకు లీవ్ దొరికే రోజులు చెబితే టికెట్లు తీస్తాను. జీడిపప్పు తెస్తున్నాం, నీ రూమ్‌మేట్స్‌కి కూడా. గుండు కావాలా, బద్ద కావాలా రాయి.

నాన్న