రిజిస్టరులో పోయిన పేర్లు

సంపాదకులకు నమస్కారం.

మరుగునపడిన మహిళా చిత్రకారుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పెద్ద మ్యూజియాలు ఒకదాని తర్వాత ఒకటి వాళ్ల బొమ్మలతో ప్రదర్శనలు పెట్టడం నాకూ సంతోషమే. కానీ కాలమే వాళ్ల పేర్లను మింగేసినట్టు రాయడం మాత్రం మింగుడుపడలేదు. ఉద్యోగమంతా లైబ్రరీ కేటలాగు విభాగంలో చేసినదాన్ని. పేర్లు వాటంతటవి పోవు. రిజిస్టరులో ఎవరో ఒక గడి ఖాళీగా వదిలేస్తారు, లేదా అందులో ఇంకొకరి పేరు రాస్తారు. వెనక వచ్చినవాళ్లు దాన్నే ఎత్తిరాస్తారు.

మీరు ప్రస్తావించిన మిఖేలీనా వౌటియర్ సంగతే చూడండి. 17వ శతాబ్దంలో బ్రస్సెల్స్‌లో ఉండి బొమ్మలు వేసింది. ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉన్న ఆమె 'బాకస్ విజయోత్సవం' (బాకస్ అంటే రోమన్ల మద్యదేవుడు) దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పు. ఒంటి మీద సరిగా బట్టలేని మగవాళ్ల గుంపు, ఆ గుంపులో నేరుగా మనకేసి చూసే ఒక స్త్రీ. ఆ స్త్రీ వౌటియరే అంటారు. ఆడవాళ్లు పూల బొమ్మలూ పళ్ల బొమ్మలూ గీసుకుంటే చాలనుకునే రోజుల్లో ఎంత ధైర్యం! అప్పట్లో బ్రస్సెల్స్ ప్రాంతాన్ని పాలించిన ఆస్ట్రియా రాజవంశీకుడు ఆర్చ్‌డ్యూక్ లియోపోల్డ్ విల్‌హెల్మ్ సేకరణకు 1659లో రాసిన జాబితాలో ఈ బొమ్మ ఆమె పేరు మీదే ఉంది. అంటే మొదటి గుమస్తా తన పని సరిగ్గానే చేశాడు. ఇంత పెద్ద బొమ్మ, ఇన్ని మగదేహాలు ఒక ఆడమనిషి వేసి ఉండదనుకున్నారేమో, తర్వాతివాళ్లే దాన్ని మగ చిత్రకారుల ఖాతాలో వేశారు. అది మళ్లీ ఆమెదేనని తేలేసరికి 20వ శతాబ్దం వచ్చింది. ఆమె ఒక్కరి కోసమే పెట్టిన మొదటి ప్రదర్శన 2018లో, ఆంట్వెర్ప్‌లో.

జూడిత్ లేస్టర్‌ది ఇంకో రకం అన్యాయం. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ ఊరి చిత్రకారుల సంఘంలో 1633 నాటికే సభ్యురాలు. పొడి అక్షరాల పక్కన చిన్న నక్షత్రం గీసి సంతకం చేసేది. అయినా ఆమె బొమ్మలు అదే ఊరి పేరున్న చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ పేరు మీద చేతులు మారాయి. 1893లో అలాంటి ఒక బొమ్మ మీద ఆమె సంతకం బయటపడితే వ్యవహారం కోర్టుకెక్కింది. అక్కడ తేలాల్సింది హాల్స్‌దనుకుని కొన్నవాళ్లకు ఎంత నష్టమన్నదే. హాల్స్‌తో పోల్చదగిన మరో చిత్రకారిణి దొరికిందని సంబరపడినవాళ్లు లేరు. అంతకుముందు, ఆమె భర్త చనిపోయాక రాసిన ఆస్తుల పట్టికలో కొన్ని బొమ్మలకు ఎదురుగా 'మృతుడి భార్య' వేసినవని మాత్రమే ఉంది. అలాంటి ఎంట్రీ మా సెక్షన్‌లో ఎవరైనా రాసి ఉంటే మళ్లీ మొదటినుంచి రాయించేదాన్ని.

స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్‌ను వీళ్లతో ఒకే గాటన కట్టకూడదు. తను పోయాక 20 ఏళ్లవరకూ తన నైరూప్య చిత్రాలు బయటపెట్టొద్దని ఆమే చెప్పింది. 2018లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో పెడితే ఆరు లక్షలకు పైగా జనం వచ్చారు. జనానికి ఇలాంటివి పట్టవు అనేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

మీ వ్యాసంలో నాకు దొరకనిది ఒకటుంది. ప్రదర్శన ముగిశాక ఆ బొమ్మలు ఎక్కడికి పోతాయి? మూడు నాలుగు నెలలు గోడ మీద వేలాడి తిరిగి స్టోర్ రూమ్‌కే పోతే, మరో తరం మళ్లీ 'కనిపెట్టాల్సి' వస్తుంది. 1819లో తెరిచిన మాడ్రిడ్ ప్రాడో మ్యూజియం మొదటిసారి ఒక చిత్రకారిణికి విడిగా ప్రదర్శన పెట్టింది 2016లో, 17వ శతాబ్దపు క్లారా పీటర్స్‌కు. ఆవిడ బొమ్మలో కత్తి పిడి మీద తన పేరు చెక్కినట్టు వేసుకుంది, గిన్నెల మెరుపులో తన ముఖం కూడా వేసుకుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మీ విలేకరులు ప్రారంభోత్సవానికి వెళ్లినట్టే, ఏడాది తర్వాత కూడా ఓసారి వాకబు చేయాలి: ఎన్ని బొమ్మలు గోడ మీదే ఉన్నాయి, ఎన్ని కొన్నారు, కేటలాగులో పేర్లు మార్చారా?

ఇక ఒక ఫిర్యాదు. ఆ వ్యాసం పక్కన మీరు అచ్చేసిన ఫొటో 'బాకస్ విజయోత్సవం'దే. దాని కింద 'రూబెన్స్ కాలం నాటి చిత్రం' అనీ, ఫొటో ఇచ్చిన సంస్థ పేరూ ఉన్నాయి. రూబెన్స్ అనే మగ చిత్రకారుడి పేరుంది కానీ, వేసినామె పేరు లేదు. వచ్చే ఆదివారం సవరణ వేయగలరు.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ లైబ్రేరియన్